జూరాలకు దశాంశం ఎందుకు పోయింది?

జోగులాంబ గద్వాల జిల్లా పటం ఒకసారి ముందు పెట్టుకోండి. పైన కృష్ణ, కింద తుంగభద్ర, ఆ రెంటి నడుమ నడిగడ్డ. ధరూర్ మండలంలోని రేవులపల్లి దగ్గర కృష్ణకు అడ్డంగా కట్టినదే జూరాల ప్రాజెక్టు. దీనికి 1981లో శంకుస్థాపన జరిగింది, 1995లో ప్రారంభమైంది.

ఇప్పుడు ఈ పేర్లను ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషకు అప్పగించామనుకుందాం. అది వీటిని రెండు జట్లుగా విడదీస్తుంది. ధరూర్, గద్వాల, తుంగభద్ర దశాంశ సంఖ్యలట! జూరాల, కృష్ణ, నడిగడ్డ పూర్ణసంఖ్యలట! ఇదేం లెక్క అని నవ్వు వస్తోంది కదూ? కాని దీని వెనుక ఒక నియమం ఉంది.

అమెరికాలో జాన్ బాకస్, అతని సహచరులు ఐబీఎం 704 యంత్రం కోసం 1957లో ఫోర్ట్రాన్‌ను విడుదల చేశారు. గణితంలో వరుస సంఖ్యలకు ఐ, జె, కె, ఎన్ వంటి అక్షరాలు వాడడం అలవాటు. అందుచేత ఇంగ్లీషులో ఐ నుంచి ఎన్ వరకు ఉన్న ఆరు అక్షరాలలో దేనితో పేరు మొదలైనా అది పూర్ణసంఖ్య (ఇంటిజర్) అనీ, మిగిలిన అక్షరాలతో మొదలైతే దశాంశ సంఖ్య (రియల్) అనీ వారు నిర్ణయించారు. మనం వేరుగా చెప్పకపోతే ఫోర్ట్రాన్ ఇదే పాటిస్తుంది. జూరాల మొదటి అక్షరం జె, కృష్ణది కె, నడిగడ్డది ఎన్. అదీ సంగతి!

దీని వల్ల వచ్చే చిక్కు చూడండి. జలాశయం నీటి మట్టాన్ని అడుగుల నుంచి మీటర్లలోకి మార్చే ప్రమేయాన్ని, అంటే ఫంక్షన్‌ను, వ్రాద్దాం. ప్రోగ్రాములో ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి; ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాను.

ఫంక్షన్ జూరాల(అడుగు)
జూరాల = అడుగు * 0.3048
రిటర్న్
ఎండ్

(పాత ఫోర్ట్రాన్‌లో పేరు ఆరక్షరాలు మించకూడదు. జూరాలకు ఇంగ్లీషులో సరిగ్గా ఆరే!) ప్రధాన ప్రోగ్రాములో ఇలా పిలుస్తాం:

ఎత్తు = జూరాల(1045.0)

జూరాల పూర్తి నీటి మట్టం 1045 అడుగులు. 0.3048తో హెచ్చించండి, 318.516 మీటర్లు వస్తుంది. కంప్యూటరు మాత్రం 318 అంటుంది! ప్రమేయం పేరే దాని ఫలితాన్ని మోసే పాత్ర. జూరాల పూర్ణసంఖ్య కాబట్టి ఆ పాత్రలో దశాంశం నిలవదు. దగ్గరి సంఖ్యకు సవరించడం కూడా కాదు, తెగ్గోయడమే. 1043 అడుగులకు అసలు విలువ 317.906 అయినా 317 అనే వస్తుంది. ఇక 1044, 1045, 1046 అడుగులు మూడింటికీ 318 తప్ప మరో జవాబు లేదు. నీరు రెండడుగులు పెరిగినా కాగితం మీద కదలిక ఉండదు. కంప్యూటరు తప్పు అని ఒక్క మాటా చెప్పదు. నా దృష్టిలో ఇటువంటి నిశ్శబ్దపు తప్పే అన్నిటికంటె ప్రమాదకరమైనది.

సరే, మొదటి పంక్తిని “రియల్ ఫంక్షన్ జూరాల(అడుగు)” అని మార్చారనుకోండి. సగమే నయమైంది! ప్రధాన ప్రోగ్రాముకు ఈ మార్పు తెలియదు. రెండు భాగాలూ వేరు వేరు ఫైళ్ళలో ఉంటే, వాటిని యంత్ర భాషలోకి మార్చే కంపైలరు ఒక్కొక్కదాన్ని విడిగానే చూస్తుంది. ప్రమేయం దశాంశ సంఖ్యను పంపుతుంది, పిలిచినవాడు పూర్ణసంఖ్య కోసం చేయి చాస్తాడు.

కంప్యూటరులో ఈ రెండు రకాల సంఖ్యల అమరిక ఒకటి కాదు. నేటి యంత్రాలలో సాధారణ దశాంశ సంఖ్యకు 32 బిట్లు ఉంటాయి: గుర్తుకు ఒకటి, ఘాతానికి 8, మిగతా 23 అంకెలకు. పూర్ణసంఖ్యలో ఘాతమే లేదు. 318.516ను సూచించే ఆ 32 బిట్లనే పూర్ణసంఖ్య అనుకొని చదివితే ఎంతో తెలుసా? 113,45,10,604! నూట పదమూడు కోట్ల పైచిలుకు మీటర్ల ఎత్తు! కొన్ని యంత్రాలలో ఈ రెండు రకాల ఫలితాలకు వేరు వేరు గదులుంటాయి. అప్పుడు పిలిచినవాడు వేరే గది తెరచి, అందులో అంతకు ముందు మిగిలిన ఏదో అంకెను పట్టుకుపోతాడు. ఒక విధంగా ఇది మేలే, ఇంత వింత జవాబు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

మరి మందేమిటి? పిలిచే చోట కూడా, లెక్క మొదలయ్యే ముందే, “రియల్ జూరాల” అని ఒక పంక్తి చేర్చాలి. రెండు చోట్లా రకం ఒకటే కావాలి. ఒకచోట రియల్ అనీ మరొకచోట డబుల్ ప్రెసిషన్ అనీ వ్రాసినా లెక్క చెడుతుంది.

ఆ మొదటక్షరపు నియమాన్నే రద్దు చేసే పంక్తి ఒకటుంది: “ఇంప్లిసిట్ నన్”. ఇది 1990 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణంలో చేరింది. ప్రోగ్రాము పైభాగాన దీన్ని వ్రాస్తే, రకం చెప్పని ప్రతి పేరునూ కంపైలరు పట్టుకొని “జూరాలకు రకం లేదు” అని ఆపేస్తుంది. విసుగు పుట్టినా అది మన మేలుకే. అదే ప్రమాణంలో మాడ్యూల్ కూడా వచ్చింది. ప్రమేయాన్ని మాడ్యూల్‌లో ఉంచి, ప్రధాన ప్రోగ్రాములో “యూజ్” అంటే చాలు, రకం దానంతటదే తెలుస్తుంది, తేడా ఉంటే కంపైలరే చెబుతుంది. అయితే అప్పుడు మళ్ళీ “రియల్ జూరాల” అని వ్రాయకూడదు. వ్రాస్తే అదే కొత్త తప్పవుతుంది!

ఇంత పాత భాష ఇంకా ఎవరికి కావాలి అంటారా? హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు స్థితిని ముందుగా అంచనా వేయడానికి వాడే రోమ్స్ అనే నమూనా ఫోర్ట్రాన్‌లో వ్రాసినదే. ఎన్నో దేశాలలో వాతావరణ పరిశోధనకు వాడే డబ్ల్యూఆర్ఎఫ్ కూడా చాలావరకు అంతే.

ఇప్పుడు మీకొక పని. పై ప్రమేయానికి జూరాల బదులు ధరూర్ అని పేరు పెట్టి, ఎక్కడా రకం చెప్పకుండా వదిలేస్తే 1045 అడుగులకు జవాబు ఎంత వస్తుంది? ఆ తరువాత ప్రధాన ప్రోగ్రాములో “ఎత్తు” అనే పేరు తీసి “మీటరు” అని పెడితే ఏమవుతుంది? కాగితం మీద తేల్చండి.