‘చేయు’ ఒకటి, ఆంగ్లమున పెక్కు

మనము తప్పు చేయుదుము, ఇంటిపని చేయుదుము, స్నానము చేయుదుము. తెలుగున ‘చేయు’ క్రియ ఒక్కటియే చాలును. ఆంగ్లమున తప్పునకు ‘మేక్’, ఇంటిపనికి ‘డూ’ తోడగును. స్నానమునకు బ్రిటనులో ‘హావ్’, అమెరికాలో ‘టేక్’ అందురు. క్రొత్తగా ఒకటి కలుగజేయుచో ‘మేక్’, పని నెరవేర్చుచో ‘డూ’ అని స్థూలముగా చెప్పవచ్చును. కాని ‘మేక్ ది బెడ్’ అనగా మంచము చేయుట కాదు, పక్క సర్దుట.

మన భాషయు ఇట్టిదే. తాళము వేయుదుము, కేక వేయుదుము. బొట్టు మాత్రము పెట్టుదుము. ఏల అని పరభాషీయుడు అడిగినచో వాడుకయే సమాధానము.

‘డూ ఎ మిస్టేక్’ అన్నను అర్థమగును. కాని ఉద్యోగార్థి నోట అది వినువారికి ఎబ్బెట్టుగా తోచును. కావున పిల్లలకు విడిమాటలు గాక, ‘మేక్ ఎ మిస్టేక్’, ‘మేక్ ఎ ప్రామిస్’ అని జంటలుగా నేర్పుడని శ్రోతలకు మా మనవి.