పేరులో దాగిన సున్నా

ఐరోపాలో తయారైన పాత రేడియో వాల్వు మీద ‘ఇసిసి 83’ అని ఉంటుంది. ‘ఇ’ అంటే హీటరుకు 6.3 వోల్టులు కావాలని అర్థం. ‘సి’ అంటే ట్రయోడు. రెండు ‘సి’లంటే ఒకే గాజు గొట్టంలో రెండు ట్రయోడులన్నమాట!

తర్వాత ట్రాన్సిస్టరు వచ్చింది. ట్రయోడుకు వలెనే దీనికీ మూడు ఎలక్ట్రోడులు. కాని హీటరు లేదు. అందుకే ‘ఓసి 71’ అన్నారు. ‘ఓ’ అంటే సున్నా వోల్టులు!

ప్రో ఎలక్ట్రాన్ పద్ధతిలో మొదటి అక్షరాన్ని పదార్థానికి కేటాయించారు: ‘ఎ’ జర్మేనియం, ‘బి’ సిలికాన్. ‘సి’ మాత్రం శ్రవ్య సంకేతాలను వర్ధనం చేసే చిన్న ట్రాన్సిస్టరుకు గుర్తుగా నిలిచింది. అలా పుట్టిందే ‘బిసి 107’.

అయితే ‘సి’ కలిసింది కదా అని ఓసి 71 స్థానంలో బిసి 107 బిగించకండి. మొదటిది పి-ఎన్-పి, రెండవది ఎన్-పి-ఎన్. వాటికి బ్యాటరీ ధ్రువాలు తారుమారుగా కలపాలి. పేరు వంశాన్ని చెబుతుంది. గుణం తెలియాలంటే వివరాల పట్టిక చూడాల్సిందే!