మీకు తెలుసా? గృహరక్షణకు తెలియవలసిన సంగతులు

వంటగ్యాసునకు స్వభావసిద్ధముగా చెప్పుకోదగిన వాసన లేదు. లీకైనప్పుడు ఇంటివారు తత్‌క్షణమే గుర్తింపవలెనను ఉద్దేశముతోనే ఇథైల్ మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును అత్యల్ప పరిమాణమున అందు కలుపుదురు. ఆ వాయువు గాలికంటె బరువైనది కావున పైకెగసి పోక నేలనంటి వ్యాపించును. కనుక వాసన సోకినంతనే, ఏ స్విచ్చును తాకక, నిప్పు వెలిగింపక, రెగ్యులేటరును ఆపి, తలుపులు కిటికీలు బార్లా తెఱచి, ఇంటిల్లిపాదియు వెలుపలికి వచ్చి, 1906 సంఖ్యకు ఫోను చేయవలెను.

సిలిండరు పైభాగముననున్న ఇనుపపట్టీపై వ్రాసిన ఆంగ్లాక్షరమును, అంకెయును దానిని మఱల పరీక్షింపవలసిన గడువును తెలుపును. ఏ అనగా మార్చి, బి అనగా జూన్, సి అనగా సెప్టెంబరు, డి అనగా డిసెంబరు నెలాఖరు. ‘సి 27’ అని యున్నచో ఆ గడువు 2027 సెప్టెంబరుతో ముగియును. గడువు దాటినదానిని స్వీకరింపరాదు.

యూపీఐ ద్వారా సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు. సాధారణముగా పంపుటకు అది కావలయును.

‘డిజిటల్ అరెస్టు’ అనునది భారతదేశ చట్టములలో ఎచ్చటను లేదు. పోలీసు దుస్తులలో వీడియో కాలున కనబడి, ఎవ్వరికిని చెప్పవలదని బెదరించి, ధనము పంపుమనువాడు ఎన్ని అధికారముద్రలు చూపినను వంచకుడే. మోసపోయినవారు సిగ్గుపడి జాగుచేయక 1930 సంఖ్యకు వెంటనే తెలిపినచో, ఆ సొమ్ము చేతులు మాఱకమునుపే బ్యాంకులు నిలుపగల అవకాశముండును. ఈ మాటను ఇంటిలోని వృద్ధులకు ఓర్పుతో, ఒకటికి రెండు మాఱులు బోధించుట బిడ్డల ధర్మము.