తండ్రి బల్ల యెదుట

సూక్ష్మబుద్ధిగల బిడ్డను ఇంటనే చదివింపగోరు తల్లిదండ్రులు జాన్ స్టూవర్ట్ మిల్ బాల్యమును తెలిసికొనవలెను. 1806లో లండనులో పుట్టిన ఆ బాలుడు బడి యెరుగడు. మూడేండ్లకే తండ్రి జేమ్స్ మిల్ గ్రీకుభాష మొదలుపెట్టినాడు. బల్లకు ఒక ప్రక్క తండ్రి బ్రిటిషిండియా చరిత్ర వ్రాయుచుండ, మరియొక ప్రక్క బాలుని పాఠము. ఆనాడు గ్రీకు-ఇంగ్లీషు నిఘంటువు లేదు. తెలియని ప్రతి మాటకు తండ్రినే అడుగవలెను. సహజముగా ఓర్పులేని ఆయన ఆ ఆటంకములన్నిటిని సహించినాడు. ఆ శ్రమ ఉపాధ్యాయులకే తెలియును.

కాని సెలవులు లేవు. తోటి బాలుర చెలిమి దాదాపు లేదు. 1826లో, ఇరవై యేండ్లకే, మిల్‌కు దేనియందును సంతోషము లేకపోయినది. ఆ దుఃఖమును తండ్రితో చెప్పుకొనలేకపోయినాడు. కొన్ని నెలల పిమ్మట ఫ్రెంచి రచయిత మార్మొంతెల్ స్మృతులలో, బాలుడొకడు తండ్రిని కోల్పోయిన ఘట్టమును చదువుచు కన్నీరు కార్చినాడు. ఆనాటినుండి భారము తగ్గినదని ఆత్మకథలో వ్రాసికొన్నాడు.