అచ్చులో ఇరుక్కున్న ఇత్తడి

భౌతికశాస్త్రము చదివే విద్యార్థికి ఘర్షణ అనగానే ఒక చెక్కదిమ్మె, ఒక వాలుతలము, ఒక కప్పీ జ్ఞాపకమునకు వచ్చును. పరీక్షకు అంతవరకు చాలును. కాని ఘర్షణ యొక్క అసలు స్వరూపము పనివాని బల్లమీద కనిపించినంత స్పష్టముగా ప్రయోగశాలలో కనిపించదు. అందుకు ఉదాహరణగా, మనలో చాలమంది ఎన్నడును చూడని ఒక చిన్న చిక్కును ఇక్కడ వివరింపదలచినాను. అమెరికాలో వేటగాండ్రును, గురిపోటీలకు పోవువారును వాడిన తూటాలను ఇంటివద్దనే తిరిగి నింపుకొందురు. ఆ పనిలో తూటా యొక్క ఇత్తడి గుల్ల ఒక్కొక్కసారి ఉక్కు అచ్చులో ఇరుక్కొని, ఎంత లాగినను రాదు. దానిని ఎట్లు తీయుదురన్నదే విషయము. మన దేశములో 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతి లేనిదే తూటాలు తయారు చేయరాదు. కనుక ఇది చేసి చూడవలసిన పని కాదు, అర్థము చేసికొనదగిన పని మాత్రమే.

వాడుకలో తూటా, గుండు అను మాటలను ఒకే అర్థములో వాడుచుందుము. నిజమునకు గుండు వేరు, తూటా వేరు. ఉర్దూలో కార్తూస్ అని పిలువబడునది, ఐరోపా భాషలనుండి వచ్చిన మాట, మొత్తము తూటాకు పేరు. అందులో నాలుగు భాగములున్నవి: ముందర గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, వీటినన్నింటిని పట్టి ఉంచు ఇత్తడి గుల్ల. పేలిన తరువాత మొదటి మూడును పోవును. నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగము కలిసిన గుల్ల మాత్రము మిగులును. నాలుగింటిలో ఖరీదైనది అదే. కనుక దానిని పారవేయక మరల మరల వాడుకొనుటలో ఆశ్చర్యము లేదు.

అయితే పేలిన గుల్ల పూర్వపు కొలతలో ఉండదు. 1906లో అమెరికా సైన్యము స్వీకరించిన 30-06 తూటానే తీసికొందము. లోపలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 60,000 పౌండ్ల వరకు పోవచ్చును. ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి తుపాకి గది గోడలను అంటుకొనును, వెంటనే కొద్దిగా వెనుకకు ముడుచుకొనును. ఆ ముడుచుకొనుట ఇత్తడి యొక్క స్థితిస్థాపకత వలననే. ఆ గుణము లేకున్నచో ఖాళీ గుల్ల తుపాకినుండి బయటికే రాదు. అయినను అది పూర్తిగా పాత కొలతకు చేరదు. అందుచేత దానిని డై అను గట్టి ఉక్కు అచ్చులోనికి చేతి ప్రెస్సుతో నెట్టి, నలువైపులనుండి నొక్కి, సన్నపరచవలసి యుండును.

చిక్కంతయు ఇక్కడనే. అచ్చులోనికి పోయిన ఇత్తడి ఊరకుండక గోడలను బయటికి నెట్టుచుండును. ఎంత బలముగా నెట్టునో, ఘర్షణ అంత పెరుగును. పొడి ఇత్తడికి, ఉక్కునకు నడుమ ఘర్షణ గుణకము సుమారు 0.4 నుండి 0.5 వరకు ఉండును. సరియైన జిడ్డు పూసినచో 0.1 దరిదాపులకు దిగును. అనగా లాగవలసిన బలము నాలుగైదు రెట్లు తగ్గినట్లే. జిడ్డు లేనిచోట అంతకన్న ఘోరము కూడ జరుగును: ఇత్తడి రేణువులు ఉక్కు గోడకు అతుక్కొని, తరువాత వచ్చు ఇత్తడిని పట్టి చీల్చును.

ఏ జిడ్డయినను సరిపోదు. పలుచని నూనె అంతటి ఒత్తిడిలో ప్రక్కకు జారిపోవును. లోహము నంటిపెట్టుకొని ఉండు పొడవైన అణువులు గల కొవ్వులు, మైనములు కావలెను. ఈ సంగతిని బౌడెన్, టేబర్ అను శాస్త్రజ్ఞులు 1950లో ప్రచురించిన తమ గ్రంథములో వివరముగా చర్చించిరి. అమెరికావారు గొఱ్ఱె ఉన్నినుండి తీసిన లానోలిన్ వాడుదురు. మన రైతు బండి ఇరుసుకు ఆముదములో మసి కలిపి పూసిన కందెన ఈ తత్త్వమునే ఏనాడో పాటించినది. తూటా, కొవ్వు అన్న మాటలు కలిసి వినబడగానే 1857 జ్ఞాపకము రాక మానదు. కాని ఆనాటి ఎన్‌ఫీల్డు తూటాలు కాగితపువి, వాటి కొవ్వు పని వేరు. ఇత్తడి గుల్లల వాడుక ఆ తరువాతిది. జిడ్డు ఎక్కువైనను ముప్పే. ద్రవము నలగదు గనుక గుల్ల భుజముపై నిలిచిన జిడ్డు ఇత్తడినే సొట్టపరచును. కావున పలుచగా, కాని ఖాళీ విడువక పూయవలెను.

పూయుట మరచిన గుల్ల అచ్చులో సగము దూరము పోయి నిలిచిపోవును. ప్రెస్సు చేతిని బలముగా వెనుకకు లాగినచో, గుల్ల అడుగు అంచును పట్టుకొన్న కొక్కెము ఆ పలుచని అంచును చీల్చుకొని ఊడివచ్చును. గుల్ల లోపలనే ఉండును, పట్టుకొనుటకు ఇక ఏమియు మిగలదు. అనుభవము లేనివాడు చేయు తప్పు ఇదే: మొదటిసారి బిగిసినప్పుడే ఆగక, రెండవసారి మరింత బలము వాడుట.

ఇక రెండవ తప్పు వేడిచేయుట. మన ఇండ్లలో ఊరగాయ సీసా మూత రానప్పుడు మూతపై వేడినీళ్ళు పోయుదుము, అది వచ్చును. అచ్చట వ్యాకోచించు లోహము బయట ఉన్నది, గాజు లోపల ఉన్నది. బండిచక్రమునకు ఇనుప పట్టా తొడుగు కమ్మరి కూడ బయటి దానినే కాల్చును. ఇచ్చట వరుస తారుమారు. లోపలి ఇత్తడి బయటి ఉక్కుకన్న ఎక్కువ వ్యాకోచించును. మొత్తమును వేడిచేసినకొలది గుల్ల మరింత బిగియును. పైగా మంట తగిలిన అచ్చు తన గట్టిదనమును కోల్పోవచ్చును. అయితే చల్లబరచినచో? తర్కము సరియైనదే. 30 డిగ్రీలనుండి సున్నకు దిగువ 18 డిగ్రీలకు తెచ్చినచో, 12 మిల్లీమీటర్ల వ్యాసము గల గుల్ల అచ్చుకన్న మిల్లీమీటరులో వెయ్యింట నాలుగైదు వంతులు ఎక్కువగా ముడుచుకొనును. స్వల్పముగా పట్టిన గుల్లకు ఇది చాలవచ్చును. ఇత్తడి ఉక్కునకు అతుక్కొన్నచోట చాలదు.

అందరును చివరకు ఆశ్రయించునది మరచీల. దీనికి కావలసిన సామాను ఒక డ్రిల్లు బిట్టు, మరలు కోయు ట్యాపు, బోల్టు, నడుమ బెజ్జము గల చిన్న గిన్నె వంటి ఉక్కు ముక్క. ఇవి ఒక పెట్టెగా అమ్మబడుచున్నవి. 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ పట్టణములో ఫ్రెడ్ హంటింగ్టన్ ప్రారంభించిన ఆర్.సి.బి.ఎస్. సంస్థ అట్టి పెట్టెను అమ్ముచున్నది.

పనికి ముందు చూడవలసినది ఒకటున్నది. గుల్లలో మందు గాని, పేలని ప్రైమరు గాని ఉన్నచో ఈ పద్ధతిని తలపెట్టరాదు. డ్రిల్లు తగిలిన ప్రైమరు పేలును. ఖాళీ గుల్ల అని నిశ్చయమైన తరువాత, అచ్చు నడుమనుండు పాత ప్రైమరును నెట్టు కడ్డీని వీలైనంత పైకి ఎత్తవలెను. ఎత్తకున్నచో బిట్టు దానికి తగిలి రెండును చెడును. పిమ్మట అచ్చును వైసులో బిగించి, ప్రైమరు గుంట నడుమగా బెజ్జము వేసి, పావు అంగుళపు ట్యాపుతో మరలు కోయుదురు. ఉక్కు గిన్నెను అచ్చు మూతిపై బోర్లించి, దాని బెజ్జములోనుండి బోల్టును గుల్ల అడుగులోనికి ఎక్కించి స్పానరుతో త్రిప్పినచో, గిన్నె అచ్చు మూతిని ఆనుకొని నిలుచును, గుల్ల బోల్టు వెంట గిన్నెలోనికి లాగబడును.

ప్రెస్సుకు రానిది ఈ చిన్న బోల్టుకు ఏల వచ్చినది? లెక్క చూతము. ఈ మరలు అంగుళమునకు 20, అనగా ఒక చుట్టుకు 1.27 మిల్లీమీటర్లు. 150 మిల్లీమీటర్ల స్పానరు కొన అదే చుట్టులో సుమారు 942 మిల్లీమీటర్లు ప్రయాణించును. నిష్పత్తి 740 పైచిలుకు. మరల మధ్య ఘర్షణ అందులో అధికభాగమును మ్రింగివేయును. అయినను నూరు రెట్లకు పైగా మిగులును. చేతితో 5 కిలోల బలము చూపినచో అచ్చట 500 కిలోలకు పైబడిన లాగుడు కలుగును. ప్రెస్సు కూడ బలము గలదే, కాని అది పట్టినది పలుచని అంచును. బోల్టు పట్టినది గుల్ల అడుగున ఉన్న దళసరి ఇత్తడిని. ఇంకొక అనుకూలము కూడ ఉన్నది. గుల్ల ఒడలు అడుగున 12 మిల్లీమీటర్ల దాపున ఉండి, భుజమువద్ద 11.2కు సన్నగిల్లును. అందుచేత కొద్ది దూరము కదలినదా, చుట్టును సందు ఏర్పడి సులువుగా జారివచ్చును. కొద్ది దూరము, గొప్ప బలము: మరచీల పుట్టినదే అట్టి పనికొరకు. మోటారు మెకానిక్కు బేరింగును ఊడదీయు పుల్లరులో ఉన్నదియు ఈ కిటుకే.

బయటికి వచ్చిన గుల్ల తుక్కులోనికి పోవలసినదే. అచ్చు లోపలి గోడను మాత్రము దీపము వెలుతురున పరిశీలింపవలెను. అతుక్కొన్న ఇత్తడిని మెత్తని పాలిషుతో తీయనిచో, తరువాత వచ్చు ప్రతి గుల్లపైనను ఒక గీత పడును.

అచ్చులో నలిగిన ఇత్తడిని గురించి మన దేశమునకు సంబంధించిన ఒక చరిత్ర కలదు. బ్రిటిషు పాలనలో సైన్యపు తూటాలను వర్షకాలములో గుఱ్ఱపుసాలలలో దాచగా, ఎవరును తాకకుండగనే గుల్లలు పగిలినవి. ఋతువును బట్టి వచ్చునని దీనికి సీజన్ క్రాకింగ్ అను పేరు వచ్చినది. తయారీలో అచ్చుల గుండా లాగబడినప్పుడు ఇత్తడిలో నిలిచిపోయిన బిగువును, గుఱ్ఱపు మూత్రమునుండి వెలువడిన అమోనియాయును కలిసి ఈ పని చేసినవని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనువారు తేల్చిరి. మితముగా కాల్చి ఆ బిగువును సడలించినచో పగుళ్ళు ఆగిపోయినవి.

పిస్తోలు తూటాల వంటి తిన్నని గుల్లలకు టంగ్‌స్టన్ కార్బైడు ఉంగరము గల అచ్చులు వచ్చినవి. వాటి నునుపునకు ఇత్తడి అతుక్కొనదు, జిడ్డు పూయనక్కరలేదు. మెడ గల రైఫిలు గుల్లలకు మాత్రము కార్బైడు అచ్చు వాడినను జిడ్డు పూయవలసినదే.