లేజర్‌తో పడవను ఆపగలమా?

2025 ఏప్రిల్ 13న మన అనంతపురం పక్క జిల్లా కర్నూలులో డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చేసింది కదా. మరి వైజాగ్ తీరంలో పడవల మీద ఇది పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ షరతులున్నాయి. 2014లో అమెరికా నేవీ యూఎస్‌ఎస్ పాన్స్ ఓడ మీద పెట్టిన లేజర్ కూడా 30 కిలోవాట్లదే. చిన్న పడవ మీద అమర్చిన టార్గెట్లను కొట్టి చూపించింది.

అసలు సంగతేంటంటే, లేజర్ దేన్నీ పేల్చదు. ఒకచోట వేడి చేస్తుందంతే. ఆ వేడి ఇంజన్‌కు తగిలితే పడవ ఆగుతుంది. పక్క చెక్కకు చిల్లు పడితే ఆగదు.

చిన్న లెక్క వేద్దాం. లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరి కావాలంటే సుమారు 25 లక్షల జౌళ్లు కావాలి. 30 కిలోవాట్లంటే సెకనుకు 30 వేల జౌళ్లు. అంటే దాదాపు నిమిషంన్నర! నిజానికి బీమ్ పడేది చిన్న మచ్చ మీదే, కాబట్టి అంత టైం పట్టదు. కానీ ఇంజన్ మీద తడి గోనెపట్టా కప్పి, పంపుతో సముద్రపు నీళ్లు కొడుతూనే ఉంటే? వేడి ఆ నీళ్లతోపాటే పోతుంది.

అద్దం అడ్డం పెడితే? ఉప్పు మరక పడ్డచోట వేడిని పీల్చుకుని పాడైపోతుంది. అంతకంటే పొగ నయం. మన దగ్గర ఎండాకాలం దుమ్ములాగే, సముద్రం మీద తుంపర, మంచు కూడా కాంతిని చెదరగొడతాయి.

ఇంకో చిక్కు. ఒక్కో పడవకు 10 సెకన్లు అనుకుందాం. ఐదు పడవలు కలిసొస్తే 50 సెకన్లు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చే చివరి పడవ ఆలోపు కిలోమీటరు దగ్గరికొచ్చేస్తుంది.

అందుకే కరెంటు ఉన్నంతసేపు లేజర్‌కు తూటాల కొరత లేకపోయినా, దాని పక్కన తుపాకీ ఉండాల్సిందే. తీరానికి కాపలా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు.