పత్తి నేల నుంచి ఓడరేవుకు రైలు దారి

నిజాంపట్నం నుంచి రామాయపట్నం దాకా పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలకు పొడవైన సముద్రతీరం ఉన్నప్పటికీ, ప్రయాణికులను ఎక్కించుకొనే పెద్ద ఓడ ఏదీ నేడు ఈ తీరం నుంచి బయలుదేరదు. కాబట్టి విహారనౌక ఎక్కాలనుకొనే గుంటూరు వర్తకునికైనా, చీరాల చేనేత వ్యాపారికైనా, మార్కాపురం ఉపాధ్యాయురాలికైనా ప్రయాణం మొదలయ్యేది రైల్వే స్టేషనులోనే. ఒక ఊరి నుంచి మరో ఊరికి చేర్చడం కోసం కాక, గదులు, భోజనశాలలు, వినోదశాలలతో కొన్ని రోజులు సముద్రం మీదే గడపడానికి నడిపే ఓడను విహారనౌక అంటారు. దాని టికెట్టును నెలల ముందే, ఎంతో ఆలోచించి కొనేవారు సైతం రేవుకు చేర్చే రైలు విషయాన్ని చివరిదాకా పట్టించుకోరు. నిజానికి ఈ మైదానవాసుల సముద్రయానంలో ఎక్కువ జాగ్రత్త కోరేది ఆ రైలు ప్రయాణమే.

ఈ నేలకు రేవులు కొత్త కావు. చినగంజాం దగ్గరి మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరు మోసిన రేవు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకొనే ఆచారాన్ని మాని, సుంకం మాత్రమే తీసుకొని వర్తకులకు రక్షణ కల్పిస్తామని గణపతిదేవుడు వేయించిన 1244 నాటి అభయశాసనం అక్కడిదే. పెతపోలి అని విదేశీయులు పిలిచిన నిజాంపట్నంలో 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తక స్థావరాలు నెలకొల్పారు. అయితే ఈ తీరంలో ఒడ్డుకు దగ్గరగా నీటిలోతు తక్కువ, ఇసుక మేటలు ఎక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకొని నిలిస్తే సరుకును, మనుషులను చిన్న పడవల్లో చేరవేయవలసి వచ్చేది. ఆవిరి ఓడలు వచ్చి, వాటికి లోతైన నీళ్లు, కట్టిన ధక్కాలు అవసరమయ్యాక, ఇలాంటి రేవులు ఒక్కొక్కటిగా వెనుకబడ్డాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి అంతర్జాతీయ విపణిలో ‘కొకనాడ’ అన్న పేరుతో, అంటే కాకినాడ రేవు పేరుతో, చలామణి కావడమే ఆ మార్పుకు సాక్ష్యం: పంట ఇక్కడిది, పేరు మాత్రం ఓడ ఎక్కిన చోటిది.

రేవు దూరమయ్యేకొద్దీ రేవుకు చేర్చే దారి విలువ పెరిగింది. మొదట ఆ దారి నీటిదే. కృష్ణా పశ్చిమ డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలవడం వల్ల, పడవ ఎక్కినవారు తీరం వెంబడే మద్రాసు చేరగలిగేవారు. 1899లో తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరుల మీదుగా బెజవాడ, మద్రాసులను కలిపే రైలు మార్గం పూర్తయ్యాక, కాలువల మీద రోజులు పట్టే ప్రయాణం గంటల్లోకి కుదించుకుపోయింది.

రెండో రైలు మార్గం చరిత్ర తక్కువమందికి తెలిసినది, కాని ఈ విషయానికి మరింత దగ్గరిది. 1878లో బ్రిటిషు, పోర్చుగీసు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం గోవాలోని మర్మగోవా రేవు నుంచి పశ్చిమ కనుమలెక్కి దక్కను లోపలికి వెళ్లే రైలు మార్గం వేశారు. లోపలి ప్రాంతాల పత్తి, ధాన్యం వంటి సరుకును పడమటి సముద్రానికి చేర్చడం అందులోని ముఖ్యోద్దేశం. 1888 నాటికి కనుమల మీది క్యాజిల్‌రాక్ దాకా పట్టాలు చేరాయి. ఇటు గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల అడవులు, గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల మీదుగా బెజవాడకు సదరన్ మరాఠా రైల్వే మీటరు గేజి మార్గం, అంటే పట్టాల మధ్య ఒక మీటరు ఎడం మాత్రమే ఉండే చిన్న మార్గం, వచ్చింది. ఈ రెండూ కలవడంతో తూర్పు తీరాన ఉన్న గుంటూరు ప్రాంతానికి పడమటి సముద్రపు రేవుతో నేరుగా పట్టాల సంబంధం ఏర్పడింది. 1990లలో ఈ మార్గం బ్రాడ్‌గేజిగా మారింది. హౌరా నుంచి వాస్కోడగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ నేటికీ ఈ దారినే నడుస్తోంది. దాని చివరి స్టేషను నుంచి మర్మగోవా రేవు కొద్ది కిలోమీటర్ల దూరమే. సరుకు కోసం వేసిన దారి ఇప్పుడు పల్నాడు, మార్కాపురం ప్రాంతాలవారిని పెట్టె మారకుండా ఓడల ఊరికి తీసుకుపోగలగడం గుర్తుంచుకోదగిన విషయం.

రైలును, ఓడను ఒకే ప్రయాణంగా భావించే పద్ధతి కూడా దక్షిణాదికి పాతదే. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మూరు నుంచి ధనుష్కోడికి ‘బోట్ మెయిల్’ అనే రైలు నడిచేది. అక్కడ దిగినవారు ఓడ ఎక్కి సింహళంలోని తలైమన్నార్ చేరి, మళ్లీ రైల్లో కొలంబో వెళ్లేవారు. ఓడ సమయాన్ని బట్టి రైలు, రైలు రాకను బట్టి ఓడ కదలడం ఈ ఏర్పాటులోని ప్రాణం. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోడి నాశనం కావడంతో అక్కడి నుంచి సాగిన ఆ ఏర్పాటు ముగిసింది. 1995 దాకా హజ్ యాత్రికుల ఓడలు బొంబాయి రేవు నుంచి సాగినంత కాలం, సముద్ర మార్గాన మక్కా వెళ్లదలచిన ఈ జిల్లాల ముస్లింలు కూడా ముందు రైల్లో బొంబాయి చేరవలసినవారే.

నేడు ఏ రేవుకు వెళ్లాలో నిర్ణయించేది ముఖ్యంగా రుతుపవనం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలుల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి, ముంబయి, గోవా, కొచ్చి, లక్షద్వీప్‌ల మధ్య తిరిగే విహారనౌక ఆ నెలల్లో తూర్పు తీరానికి వస్తుంది. అక్టోబరు నుంచి బంగాళాఖాతంలో తుఫానుల కాలం మొదలయ్యేసరికి మళ్లీ పడమటికి మళ్లుతుంది. కార్డేలియా సంస్థ నడిపే ‘ఎంప్రెస్’ నౌక 2022 జూన్‌లో చెన్నై నుంచి ప్రయాణాలు మొదలుపెట్టి, ఆ నెలలోనే విశాఖపట్నానికీ వచ్చింది. 2023లో చెన్నై నుంచి శ్రీలంక రేవులకూ వెళ్లింది. విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన ప్రత్యేక ప్రయాణికుల టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అయినా విశాఖ నుంచి ఓడలు బయలుదేరే రోజులు ఇంకా కొద్దిగానే ఉన్నందున, ఈ మైదానవాసులకు ప్రస్తుతం ఎక్కువగా పనికివచ్చే రేవు చెన్నైయే.

ఈ ఓడల పంచాంగం మిర్చి పంచాంగంతో కొంత కలుస్తుంది. జనవరి నుంచి కళ్లాల్లో కాయ ఆరబోసి, టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎత్తి యార్డుకు తోలే పని వేసవి దాకా సాగుతుంది; గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేది సాధారణంగా మే, జూన్ నెలల మధ్య. పత్తి విత్తే వానలు ఇంకా పడని, చేతిలో పంట డబ్బు ఆడే ఆ కొద్ది వారాల్లోనే చెన్నై ఓడల కాలం మొదలవుతుంది. జూన్ దాటితే రైతుకు తీరిక ఉండదు. పడమటి ఓడల కాలమంతా పత్తి తీతలు, మిరప కోతలతో నిండి ఉంటుంది కనుక, గోవా దారి రైతుల కంటే ఉద్యోగులకు, విశ్రాంత జీవితం గడిపేవారికి ఎక్కువగా కుదురుతుంది.

రైలు ఎంపికలో మొదట చూడవలసింది వేగం కాదు, ఆ రైలు ఎక్కడ పుట్టిందన్నది. హౌరా నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చే బండి దారిలోని ఆలస్యాలన్నిటినీ మోసుకొని వస్తుంది. దగ్గరలోనే బయలుదేరే పినాకిని ఎక్స్‌ప్రెస్, 2023 సెప్టెంబరులో మొదలైన చెన్నై వందేభారత్ వంటి బండ్లకు ఆ భారం తక్కువ. ఒంగోలు నుంచి చెన్నై 300 కిలోమీటర్ల లోపే కాబట్టి ఆ ప్రాంతంవారికి పగటి బండి చాలు. గుంటూరు ఈ ప్రధాన మార్గం మీద లేదు. అక్కడివారు తెనాలి వెళ్లి ఎక్కడం అలవాటు. చెన్నైలో ఏ స్టేషనులో దిగాలన్నదీ ముఖ్యమే: సెంట్రల్ నుంచి రేవు మూడు నాలుగు కిలోమీటర్లే గాని, తాంబరం దాకా వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో నిద్రపోయి ఎగ్మూరు దాటిపోతే నగరపు దక్షిణపు కొన నుంచి వెనక్కి రావాలి. విశాఖ ఓడకైతే గుంటూరులోనే బయలుదేరే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. కొచ్చిలో ఎక్కేవారికి అయ్యప్ప భక్తులకు చిరపరిచితమైన శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం చేరుస్తుంది.

గోవా దారిలో అమరావతి ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు, పైగా హౌరా నుంచే వస్తుంది. క్యాజిల్‌రాక్, కులెం స్టేషన్ల మధ్య ప్రతి 37 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే ఘాట్ మార్గంలో బండి నెమ్మదిగానే సాగాలి. దూధ్‌సాగర్ జలపాతం కనిపించే ఆ భాగం కళ్లకు పండుగే అయినా, వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే రాకపోకలు ఆగే చోటు కూడా అదే. ముంబయిలో బయలుదేరి గోవాలో ఆగే ఓడల్లో అన్నిటికీ గోవాలో ఎక్కే వీలుండదు కనుక, ఆ సంగతి టికెట్టు కొనేముందే తేల్చుకోవాలి.

రిజర్వేషను నిబంధనల్లో వచ్చిన ఒక మార్పు ఓడ ప్రయాణికులపై ప్రత్యేకంగా ప్రభావం చూపుతుంది. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లను ప్రయాణ తేదీకి 120 రోజుల ముందు కాక 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. ఓడ టికెట్టు అంతకంటే ముందే కొనవలసి ఉంటుంది కాబట్టి, రైలు బెర్తు దొరుకుతుందో లేదో తెలియకుండానే పెద్ద మొత్తం చెల్లించక తప్పదు. అరవయ్యో రోజు ఉదయాన్నే రైలు టికెట్టు కొనడం ఒక్కటే అందుకు విరుగుడు. ప్రయాణానికి ముందు రోజు ఇచ్చే తత్కాల్ కోటాను నమ్ముకోవడం మంచిది కాదు. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకొంటే, బండి బయలుదేరకముందే టీడీఆర్ అనే దరఖాస్తు పెట్టి రైలు చార్జీ పూర్తిగా తిరిగి పొందవచ్చు. కాని ఓడ డబ్బుకు ఆ దరఖాస్తుతో సంబంధం లేదు. ఓడ కదిలే వేళకు కొన్ని గంటల ముందే చెకిన్, అంటే పత్రాలు, సామాను పరిశీలించి లోపలికి అనుమతించే పని, ముగిసిపోతుంది. ఆ గడువు దాటి రేవుకు చేరినవారి డబ్బు చాలా సందర్భాల్లో పోయినట్టే.

ఆలస్యం కేవలం యాదృచ్ఛికం కాదని ఇటీవలి సంవత్సరాలే చెబుతున్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచెత్తి, డిసెంబరు 5న బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఈ మార్గంలో పెద్దసంఖ్యలో రైళ్లు రద్దయ్యాయి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ నీట మునగగా, మహబూబాబాద్ ప్రాంతంలో పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అందువల్ల ఓడ బయలుదేరే రోజున రేవు నగరంలో దిగేలా కాక, ముందు రోజు సాయంత్రానికే చేరేలా ప్రయాణం కట్టుకోవాలి. ఒక రాత్రి బసకయ్యే ఖర్చును ఓడ ఖర్చులో భాగంగానే లెక్కించాలి. తిరుగు ప్రయాణంలోనూ ఓడ దిగిన పూటే బండి పెట్టుకోకుండా సాయంత్రపు లేదా రాత్రి బండి చూసుకోవడం మేలు.

దేశంలోని రేవుల మధ్య ప్రయాణానికి ఆధార్ వంటి గుర్తింపు పత్రం సరిపోతుంది గాని, శ్రీలంక ఓడకు పాస్‌పోర్టు తప్పనిసరి. రైల్లో ఇంటి నుంచి కట్టుకొన్న పులిహోర, గోంగూర పచ్చడి రైల్లోనే ముగించుకోవాలి. ఇంట్లో వండిన ఆహారాన్ని విహారనౌకలు సాధారణంగా లోపలికి రానివ్వవు.

పిడుగురాళ్ల, వినుకొండ, దర్శి, కనిగిరి ప్రాంతాల మీదుగా సాగే 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి మార్గం పూర్తయితే లోపలి ప్రకాశం ప్రజలకు చెన్నై దారి దగ్గరవుతుంది. అంతవరకు వేచి ఉండకుండానే చేయగలిగిన పని ఒకటుంది. రైలు టికెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ విహారనౌక టికెట్లనూ అమ్ముతోంది. రెండు టికెట్లనూ ఒకే చేతితో అమ్ముతున్నప్పుడు, ఓడ టికెట్టు కొన్నవారికి అదే సమయంలో రైలు బెర్తు ఖాయం చేయడం, రైలు ఆలస్యమై ఓడ తప్పితే నష్టాన్ని ప్రయాణికుడి మీదే వదిలేయకుండా మరో తేదీ ఓడలో చోటివ్వడం అసాధ్యం కాదు. నూరేళ్ల కిందట బోట్ మెయిల్ ప్రయాణికులకు దక్కిన భరోసాను తెనాలి, ఒంగోలు, మార్కాపురం స్టేషన్లలో బండెక్కేవారికి కూడా కల్పించే బాధ్యతను రైల్వే శాఖ, ఓడ సంస్థలు కలిసి స్వీకరించాలి.